కూలిన మాను పొయ్యి కట్టెగా: కోత, మోత, ఎండబెట్టడం

బెంగళూరులో ఏప్రిల్, మే వానలకు చెట్టు కూలిందంటే చాలాసార్లు అది గుల్‌మొహరో నిద్రగన్నేరో అయివుంటుంది. పైన గొడుగంత కొమ్మలు, కింద కాలువ పనికో కేబుల్ పనికో తెగిన వేళ్లు. అలా పడ్డ మాను నేలకు ఆనుకుని పడుకున్నట్టే కనిపిస్తుంది. నిజానికి విరగని నాలుగు కొమ్మలు దాన్ని మోస్తూ, బాణం వదలడానికి సిద్ధంగా ఉన్న విల్లులా వంగి ఉంటాయి. కోతలో దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇది చూసుకోకనే.

మొదట కరెంటు సంగతి. తీగ తగులుకుని ఉంటే బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్ 1912కు ఫోన్ చేసి, లైను ఆపామని వాళ్లు చెప్పేదాకా రెమ్మ కూడా ముట్టుకోవద్దు. పచ్చి చెక్కలో కరెంటు పారుతుంది. రోడ్డు పక్క చెట్టయితే దుంగలు మనవి కావు. మన కాంపౌండ్‌లోదే అయినా 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ఉంది కనుక ఫొటోలు తీసి, ఆ చట్టం కింద చెట్ల వ్యవహారం చూసే ట్రీ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ కాగితం నకలు బండిలో ఉంచుకుంటే దారిలో ఎవరు ఆపినా మాట్లాడే పని తగ్గుతుంది.

రెండడుగుల లావు మానుకు 18 అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడవాటి పలక) ఉన్న పెట్రోలు చైన్ సా, అంటే మిషన్ రంపం, చాలు, రెండు వైపుల నుంచీ కోయాలి అంతే. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలపమని చాలా మిషన్లు అడుగుతాయి, ఎస్.పి. రోడ్డులో దొరికే చవక రకాలు కొన్ని 40 అడుగుతాయి, మాన్యువల్ చూడండి. పెట్రోలు పోసిన ప్రతిసారీ చైన్ ఆయిల్ కూడా నింపాలి. హెల్మెట్, కళ్లద్దాలు, బూట్లు, మందపాటి ప్యాంటు తప్పవు. లుంగీ, చెప్పులతో రంపం పట్టేవాణ్ణి పనిలో పెట్టుకోవద్దు, ఎంత అనుభవం ఉన్నా సరే. చైన్ పదును పొట్టు చూస్తే తెలుస్తుంది: రేకులు రేకులుగా రాలితే బాగుంది, రాగిపిండిలా రాలితే ఆకురాయి పట్టించే వేళయింది. వీధి చెట్లలో బోర్డు మేకులు, చెట్టు మింగేసిన ట్రీగార్డు కమ్మీలు దాగుంటాయి. బెరడు మీద నల్లటి మరకో వింత బుడిపో ఉన్నచోట జానెడు వదిలి కోయండి.

ముందు సన్న రెమ్మలు తీసి, నిలబడడానికీ వెనక్కి జరగడానికీ చోటు చేసుకోవాలి. తర్వాత మొదలు వైపు నుంచి కొస వైపుకు, మానుకు ఈవల మనం, ఆవల కొమ్మ ఉండేలా కోసుకుంటూ పోవాలి. మానును మోస్తున్న కింది కొమ్మలు ఆఖరుకు. రంపం కొసలో పైభాగం చెక్కకు తగిలిందా, మిషన్ ముఖం మీదికి ఎగిరి వస్తుంది.

మానును తెగ్గోసేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, బరువు ఎక్కడ ఆనింది? రెండు చివరలూ ఆని నడుమ గాల్లో ఉంటే పైభాగం నొక్కుకుని ఉంటుంది: పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కిందనుంచి పైకి. ఒక చివర మాత్రమే ఆని రెండోది వేలాడుతుంటే తిరగేసి చేయాలి: ముందు కింద మూడో వంతు, తర్వాత పైనుంచి. ఇది తారుమారైతే కోత మూసుకుని బార్‌ను కరిచేస్తుంది, లేదా మాను నిలువునా చీలి తంతుంది. బార్ ఇరుక్కుంటే గుంజొద్దు. ఇంజన్ ఆపి, కోతలో చెక్క చీల దించి తెరవండి. నేలకు ఆనిన దుంగను ముప్పాతిక వంతు కోసి, దొర్లించి, మిగతాది కోయాలి. మట్టి తగిలితే చైన్ పదును క్షణాల్లో పోతుంది. ఇక వేళ్ల దిమ్మె. మాను బరువు పోగానే అది గుంతలోకి తిరిగి లేచి కూర్చోవచ్చు. వేళ్ల వెనక పిల్లలు, కుక్కలు ఎవరూ లేరని చూసి, మూడు నాలుగడుగుల మోడు వదిలి పక్కగా నిలబడి కోయండి. మోడును జేసీబీకి వదిలేయడం మేలు.

ముక్క పొడవు పొయ్యిని బట్టి: స్నానాల హండె కింద 16 అంగుళాలు, క్యాటరింగ్ పొయ్యికి రెండడుగుల పైన. రెండడుగుల లావున్న 16 అంగుళాల పచ్చి ముక్క దాదాపు వంద కిలోలు తూగుతుంది, దాన్ని దొర్లించడమే. అడుగు లావు, మూడడుగుల పొడవు దుంగ 60 కిలోల దరిదాపు, ఇద్దరు మోయొచ్చు. బండిలోకి ఎక్కించడానికి రెండు మందపాటి పలకలు వాలుగా పెట్టి, రెండు మోకుల కొసలు బండికి కట్టి, దుంగ కింద నుంచి తిప్పి పైకి తెచ్చి, బండి మీద నిలబడి లాగండి. దుంగ దొర్లుతూ వస్తుంది, బలం సగమే పడుతుంది. దుంగకు కింది వైపు మాత్రం మనిషి ఉండకూడదు. టాటా ఏస్‌లో పక్క డోర్ల ఎత్తుకు పచ్చి కట్టె పేర్చేసరికే అర టన్ను అవుతుంది. ఇంకో అడుగు పేరిస్తే బండి మోసే బరువు దాటినట్టే. రెండు ట్రిప్పులు వేయండి.

పచ్చిగా ఉండగానే, జూన్ వానల లోపే పేళ్లు చేసేయండి. పెద్ద ముక్కను నడిమధ్య కొట్టకుండా అంచు నుంచి చుట్టూ పలకలు తీస్తూ రావాలి. నిద్రగన్నేరు నార అల్లిబిల్లిగా ఉంటుంది, గొడ్డలి కరుచుకుంటుంది. సమ్మెట, రెండు ఇనుప చీలలు ఉంటేనే దాని జోలికి పోండి. లేదంటే ముక్కల్ని అలాగే సౌదె (కట్టెల) డిపోవాళ్లను అడిగి చూడండి. గుల్‌మొహర్ మెత్తన, బాగా ఎండితే గభాలున మండుతుంది, నిప్పు మాత్రం నిలవదు. మామూలు పూల గన్నేరు (నిద్రగన్నేరు వేరు) కొమ్మలు కలిసిపోయి ఉంటే ఏరి పారేయండి, ఆ పొగ విషం.

పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. ఇటుకల మీద పైపులు పరిచి, గోడకు జానెడు దూరంగా పేర్చండి, గోడకు ఆనిస్తే చెదలు ఇంట్లోకి దారి పడతాయి. పైన మాత్రమే రేకు కప్పి పక్కలు గాలికి వదలాలి. టార్పాలిన్‌తో చుట్టూ మూస్తే బూజు పడుతుంది. మే నెలలో చీల్చిన పేళ్లు సంక్రాంతి దాటాక తీసి చూడండి. కొసల్లో నెర్రెలు విచ్చి, రెండు పేళ్లు కొడితే టంగుమంటే పొయ్యిలో పెట్టొచ్చు. దబ్బుమంటే మళ్లీ పేర్చేయండి.