శిక్షణ ఇచ్చినా తగ్గని తప్పులు: పని రూపకల్పనలో సమస్యలు - పరిష్కారాలు

యంత్రం దగ్గర, ఆపరేషన్ థియేటర్‌లో, కంట్రోల్ రూమ్‌లో, కంప్యూటర్ ముందు పనిచేసేవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి కారణాలు పరిశోధకులకు దశాబ్దాల క్రితమే తెలుసు. అయినా అవే ఇబ్బందులు కొత్త పరికరాల్లోనూ మళ్లీ తలెత్తుతున్నాయి. మనిషి శరీరానికీ చూపుకూ జ్ఞాపకశక్తికీ ఉన్న హద్దులను బట్టి పనినీ పరికరాన్నీ తీర్చిదిద్దే శాస్త్రాన్ని ఎర్గోనామిక్స్ అనీ, మానవ కారకాల శాస్త్రం అనీ అంటారు. ఆ శాస్త్రం చెప్పిన విషయం పని జరిగే చోటికి చేరేలోపు ఎక్కడ తప్పిపోతుందో కనిపెట్టడానికి ఈ వ్యాసం ఉపయోగపడుతుంది. కింది లక్షణాల్లో మీ దగ్గర కనిపిస్తున్నదాన్ని చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లవచ్చు. అయితే అంతకుముందు ఒక పని తప్పనిసరిగా చేయాలి.

ముందుగా: పనిని జరిగే చోటే చూడండి

నియమావళిలో రాసి ఉన్న పనికీ, నిజంగా జరిగే పనికీ మధ్య ఎప్పుడూ కొంత ఎడం ఉంటుంది. ఆ ఎడాన్ని చూడకుండా చేసిన ఏ పరిష్కారమూ ఎక్కువ కాలం నిలవదు. పగటి షిఫ్టునే కాక రాత్రి షిఫ్టునూ, తీరికగా ఉన్న గంటనే కాక రద్దీగా ఉన్న గంటనూ చూడాలి. యంత్రాల మీద పనివాళ్లే అంటించుకున్న కాగితాలు, మీటలకు చుట్టిన రంగు టేపులు, స్విచ్ పక్కన పెన్నుతో గీసిన బాణం గుర్తులు కనిపిస్తే వాటిని ఫొటో తీసి పెట్టుకోండి. డిజైనర్ వదిలేసిన పనిని వాడేవారు ఎక్కడెక్కడ పూర్తి చేసుకున్నారో వాటిని బట్టే తెలుస్తుంది. నా అభిప్రాయంలో ఏ ప్రశ్నావళి కన్నా ఇవే మంచి ఆధారాలు.

లక్షణం 1: వేర్వేరు వ్యక్తులు ఒకే తప్పు చేస్తున్నారు

ఒకరు తప్పు చేస్తే మందలించారు, రెండోవారు చేస్తే శిక్షణ ఇచ్చారు, మూడోవారు కూడా అదే చేశారు. నివేదికల్లో మాత్రం ప్రతిసారీ ‘అజాగ్రత్త’ అనే రాస్తున్నారు.

*కారణం.* మనుషులు మారినా తప్పు మారలేదంటే దాని మూలం మారకుండా ఉన్నదానిలోనే, అంటే పరికరంలోనో పని క్రమంలోనో వెతకాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బీ-17 విమానాలు క్షేమంగా నేల మీద దిగిన తర్వాత, పైలట్లు రెక్కలకుండే ఫ్లాప్స్ అనే కదిలే పలకలను మూయబోయి చక్రాలను లోపలికి ముడిచేయడం పదేపదే జరిగింది. అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశీలించగా, ఆ రెండు పనులకూ ఒకే రకం స్విచ్‌లు పక్కపక్కనే ఉన్నట్టు తేలింది. చక్రాల స్విచ్‌కు చిన్న చక్రం ఆకారాన్నీ, ఫ్లాప్స్ స్విచ్‌కు చీలిక ఆకారాన్నీ తగిలించి ఆయన ఆ సమస్యను పరిష్కరించారు. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ‘పైలట్ తప్పిదం’ అని పేరుపడిన 460 అనుభవాలను విశ్లేషించినప్పుడు కూడా ఒక మీట బదులు మరో మీటను వాడటమే ప్రధానమైన తప్పుగా కనిపించింది.

*పరిష్కారం.* మొదట తప్పు ఏ రకమైనదో విడదీయాలి. ఏం చేయాలో తెలిసి, చేయి పొరపాటున మరోచోటికి పోతే దానికి శిక్షణ మందు కాదు, ఎందుకంటే ఆ వ్యక్తికి తెలియనిదంటూ ఏమీ లేదు. పరిస్థితిని తప్పుగా అర్థం చేసుకుంటే, అతనికి అందిన సమాచారాన్ని పరిశీలించాలి. తెలిసే నియమాన్ని దాటవేస్తే, ఆ నియమాన్ని పాటిస్తూ పనిని సమయానికి ముగించడం సాధ్యమేనా అని అడగాలి. శిక్షణతో నిజంగా తీరేది తెలియకపోవడం ఒక్కటే.

ఆ తర్వాత పరిష్కారాలను బలమైనదాని నుంచి బలహీనమైనదాని వైపు వరుసగా ప్రయత్నించాలి. తప్పుకు తావిచ్చే మెట్టునే తీసేయగలమా? తీసేయలేకపోతే తప్పు జరగకుండా భౌతికంగా అడ్డుకోగలమా? అదీ కుదరకపోతే తప్పు జరిగిన వెంటనే తెలిసేలా, వెనక్కి తిప్పుకునేలా చేయగలమా? హెచ్చరిక బోర్డు, కొత్త నియమం, శిక్షణ వీటి తర్వాతే వస్తాయి. ఆసుపత్రుల్లో ఆహారపు గొట్టాన్ని రక్తనాళపు గొట్టానికి కలిపేసే ప్రాణాంతక పొరపాటును నివారించేందుకు, వేర్వేరు వాడకాల గొట్టాలు ఒకదానికొకటి అమరకుండా కనెక్టర్ల కొలతలను మార్చే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 80369 ప్రమాణాలను తెచ్చారు. ఏటీఎంలో డబ్బు తీసుకుని కార్డు మరిచిపోయేవారి సమస్యకూ ఇలాంటి పరిష్కారమే దొరికింది. వచ్చిన పని డబ్బు చేతికి అందడంతో పూర్తయినట్టు మనసు భావిస్తుంది కాబట్టి, ముందు కార్డు తీసుకుంటేనే డబ్బు వచ్చేలా క్రమాన్ని మార్చారు.

లక్షణం 2: సమాచారం తెర మీద ఉన్నా ఆపరేటర్ తప్పుగా అర్థం చేసుకున్నారు

*కారణం.* ఇందులో సాధారణంగా కనిపించేవి రెండు. మొదటిది, పరికరం జరిగినదాన్ని కాకుండా తాను ఇచ్చిన ఆదేశాన్ని చూపించడం. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక పీడన వాల్వ్ తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూమ్‌లోని దీపం మాత్రం ఆరిపోయింది, ఎందుకంటే ఆ దీపానికి తెలిసింది వాల్వ్‌కు వెళ్లిన సంకేతమే గానీ వాల్వ్ స్థితి కాదు. వాల్వ్ మూసుకుందనే సిబ్బంది అనుకున్నారు, ఈలోగా చల్లబరిచే నీరు బయటికి పోతూనే ఉంది.

రెండోది, ఒకే అంకె రెండు అర్థాలివ్వడం. 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎయిర్‌బస్ ఏ320 విమానం కొండను ఢీకొని 87 మంది చనిపోయారు. 3.3 డిగ్రీల వాలులో దిగుతున్నామని సిబ్బంది అనుకుంటుండగా, విమానం నిమిషానికి 3,300 అడుగుల చొప్పున దిగే మోడ్‌లో ఉందన్నది విచారణలో ప్రధానంగా ముందుకొచ్చిన వివరణ. ఒక మోడ్‌లో ‘-3.3’ అనీ, మరో మోడ్‌లో ‘-33’ అనీ ఒకే గడిలో కనిపించేది. తర్వాత నిలువు వేగం నాలుగు అంకెల్లో కనిపించేలా దాన్ని మార్చారు.

*పరిష్కారం.* ప్రతి సూచికను చూసి ‘ఇది దేన్ని కొలుస్తోంది?’ అని అడగండి. ఆదేశాన్ని మాత్రమే చూపుతుంటే అసలు స్థితిని తెలిపే సెన్సర్‌ను జోడించాలి, వీలుకాకపోతే కనీసం పక్కన ‘ఆదేశం’ అని స్పష్టంగా రాయాలి. అంకె పక్కన కొలమానం విడదీయరానిదిగా ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద మాత్రమే అర్థాన్ని ఆధారపరచకూడదు. ఆ రెండింటి తేడా సరిగా తెలియనివారు ఎక్కువమంది పురుషులే, కొన్ని జనాభాల్లో సుమారు 12 మంది పురుషుల్లో ఒకరికి ఆ ఇబ్బంది ఉంటుంది.

లక్షణం 3: అలారం మోగినా ఎవరూ పట్టించుకోవడం లేదు

*కారణం.* మోగినవాటిలో చాలావాటికి చేయాల్సిన పని ఏమీ లేదని అనుభవం నేర్పింది. ఇది నిర్లక్ష్యం కాదు, అలారం వ్యవస్థ వారికి ఇచ్చిన శిక్షణ.

*పరిష్కారం.* ఆపరేటర్ చేయాల్సిన పని ఏదీ లేకపోతే అది అలారం కాకూడదు, దాన్ని రికార్డులో నమోదు చేస్తే సరిపోతుంది. రసాయనాలు, చమురు శుద్ధి వంటి ప్రక్రియా పరిశ్రమల్లో వాడే, అలారం వ్యవస్థల గురించిన ఈఈఎంయూఏ 191 అనే మార్గదర్శిని ప్రకారం, సాధారణ పరిస్థితుల్లో ఒక ఆపరేటర్‌కు సగటున పది నిమిషాలకు ఒకటికి మించి అలారాలు రాకూడదు. మీ వ్యవస్థలో ఒక వారం లాగ్ తీసి, ఎక్కువసార్లు మోగిన పదింటిని పరిశీలించండి. సాధారణంగా మొత్తం మోతలో పెద్ద భాగం ఆ పదింటిదే అయి ఉంటుంది.

లక్షణం 4: మంచి కుర్చీలు, బల్లలు కొన్నా నొప్పులు తగ్గలేదు

*కారణం.* సామగ్రిని ‘సగటు మనిషి’ కొలతలకు కొని ఉండవచ్చు. 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్లను కొలిచింది. గిల్బర్ట్ డేనియల్స్ వాటిలో పది కొలతలను తీసుకుని చూడగా, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారు ఒక్కరూ లేరు. సర్దుబాటు చేసుకునే వీలున్న కుర్చీని ఇచ్చి, ఎలా సర్దుకోవాలో చూపించకపోవడం మరో కారణం. ఎంత మంచి భంగిమ అయినా గంటల తరబడి కదలకుండా ఉంటే కండరాలు అలసిపోతాయి. ఇక బరువులెత్తే పనిలో నొప్పికి కుర్చీతో సంబంధమే ఉండదు.

*పరిష్కారం.* తల తగలకుండా, మోకాళ్లు పట్టేలా ఉండాల్సిన ఖాళీని పెద్ద శరీరం ఉన్నవారిని బట్టీ, చేయి చాచి అందుకోవాల్సిన దూరాన్ని చిన్న శరీరం ఉన్నవారిని బట్టీ నిర్ణయించాలి. మిగిలినచోట సర్దుబాటుకు వీలుండాలి. సాధారణంగా చిన్నవారి వైపు నుంచి 5వ శాతాంకానికీ (వందమందిలో ఐదుగురి కొలత మాత్రమే అంతకన్నా తక్కువగా ఉండే స్థాయి), పెద్దవారి వైపు నుంచి 95వ శాతాంకానికీ మధ్య ఉన్నవారికి సరిపోయేలా చూస్తారు. ఆ శాతాంకాలు మీ దగ్గర పనిచేసేవారి కొలతల నుంచి వచ్చినవై ఉండాలి, స్త్రీల కొలతలు కూడా అందులో ఉండాలి.

బరువుల విషయంలో పనిచోటి భద్రత, ఆరోగ్యంపై పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ ఇచ్చిన సూత్రాన్ని ఒకసారి చేతితో లెక్కించి చూడటం ఎంతో మేలు చేస్తుంది. దానిలోని 23 కిలోల పరిమితిని చాలామంది ‘23 కిలోల వరకు ఎత్తవచ్చు’ అని చదువుతారు. అది అన్నీ అనుకూలంగా ఉన్నప్పటి మాట. పెట్టెను పట్టుకున్న చేతులకూ మడమల మధ్య బిందువుకూ అడ్డంగా 50 సెంటీమీటర్ల దూరం ఉంటే 25ను 50తో భాగించగా 0.5 వస్తుంది. నేల మీద నుంచి ఎత్తుతున్నందుకు 0.775, దాన్ని 75 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుస్తున్నందుకు 0.88 గుణకాలు వస్తాయి. అన్నింటినీ 23తో గుణిస్తే 7.8 కిలోలు మాత్రమే మిగులుతుంది. నడుం తిప్పాల్సి వస్తే, నిమిషానికి చాలాసార్లు ఎత్తితే, పట్టు సరిగా దొరకకపోతే అదీ తగ్గుతుంది. అంటే 15 కిలోల పెట్టె అక్కడ పరిమితికి దాదాపు రెట్టింపు. అదే పెట్టెను ముందే 75 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న బల్ల మీద పెట్టి, అడ్డు దూరాన్ని 30 సెంటీమీటర్లకు తగ్గించి, అదే ఎత్తున్న మరో బల్ల మీదికి మార్చేలా చేస్తే పరిమితి దాదాపు 19 కిలోలవుతుంది. మనిషీ మారలేదు, పెట్టే మారలేదు. నడుం పట్టీ కొనే ముందు ఈ లెక్క వేయాలి.

లక్షణం 5: చెక్‌లిస్టు ప్రవేశపెట్టారు, ఫలితం మారలేదు

*కారణం.* ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల శస్త్రచికిత్స చెక్‌లిస్టును ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించగా, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో ప్రచురించారు. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు దాన్ని అమలు చేశాక 2014లో వెలువడిన అధ్యయనంలో మాత్రం మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఈ తేడాకు కారణాలపై చర్చ జరిగింది. నేను నమ్మేదేమిటంటే, చెక్‌లిస్టు శక్తి కాగితంలో లేదు, అందరూ ఒక్క క్షణం ఆగి ఒకరి మాట ఒకరు వినడంలో ఉంది. పని ముగిశాక ఒకరే కూర్చుని టిక్కులు పెడితే ఆ మాట జరగనే జరగదు.

*పరిష్కారం.* ఎప్పుడు ఆగాలి, ఎవరు చదవాలి, ఎవరు బదులివ్వాలి అన్నది వాడేవారితో కలిసి నిర్ణయించండి. మరిచిపోతే ప్రమాదం కలిగించే అంశాలను మాత్రమే ఉంచండి. నెలకోసారి పూర్తయిన ఫారాలను లెక్కించడం మాని, చెక్‌లిస్టు చదివేటప్పుడు పక్కన నిలబడి వినండి.

లక్షణం 6: ఆటోమేషన్ విఫలమైనప్పుడు మనిషి వెంటనే అందుకోలేకపోతున్నారు

అరుదుగా జరిగేదాని కోసం తదేకంగా చూస్తూ కూర్చోవడం మనిషికి చేతకాని పని. నార్మన్ మాక్‌వర్త్ 1948లో ప్రచురించిన గడియారపు ముల్లు ప్రయోగంలో, మొదటి అరగంట తర్వాత గుర్తింపు తగ్గడం స్పష్టంగా కనిపించింది. యంత్రం తేలికైన పనులను తీసుకుని కష్టమైనవాటిని మనిషికి వదిలేస్తుందనీ, అప్పటికి ఆ మనిషి అభ్యాసం కోల్పోయి ఉంటాడనీ లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే హెచ్చరించారు. అందుకే కాపలా పనిని తక్కువ వ్యవధుల్లో ఒకరి నుంచి మరొకరికి మార్చాలి. చేతితో నడిపే అభ్యాసాన్ని షెడ్యూల్‌లో చేర్చాలి. యంత్రం చేతులెత్తేసే ముందే తాను ఇబ్బందిలో ఉన్నట్టు చూపించాలి.

లక్షణం 7: నిపుణుల నివేదిక వచ్చింది, డిజైన్ మారలేదు

*కారణం.* నివేదిక అచ్చులు పోసేశాక, టెండర్ పిలిచేశాక వచ్చి ఉంటుంది. లేదా ‘ఉపయోగించడానికి సులభంగా ఉండాలి’ వంటి, ఏ ఇంజనీరూ పరీక్షించలేని వాక్యాలతో నిండి ఉంటుంది.

*పరిష్కారం.* మనిషిని కేంద్రంగా పెట్టుకున్న డిజైన్ గురించిన ఐఎస్ఓ 9241-210 ప్రమాణం చెప్పినట్టు, వాడేవారిని మొదటి నుంచీ కలుపుకుని, నమూనా చేసి, పరీక్షించి, మళ్లీ సరిచేసే చక్రాన్ని ప్రాజెక్టు షెడ్యూల్‌లోనే పెట్టాలి. మొదటి నమూనాకు అట్టముక్కలు చాలు. సిఫార్సును కొలవగలిగే వాక్యంగా రాయండి: ‘చేతి తొడుగు వేసుకున్న ఆపరేటర్, కూర్చున్న చోటి నుంచి లేవకుండా, పక్క బటన్ తగలకుండా అత్యవసర స్విచ్‌ను నొక్కగలగాలి.’

పరీక్షకు ఐదుగురు చాలన్న మాట వినిపిస్తుంటుంది. ఒక్కో లోపం ఒక్కో వ్యక్తికి ఎదురయ్యే అవకాశం 31 శాతం అయితే ఐదుగురితో దాదాపు 84 శాతం లోపాలు బయటపడతాయి, ఆ లెక్క సరైనదే. ఆ అవకాశం 1 శాతమే అయితే బయటపడేవి 5 శాతం లోపే. ప్రాణాపాయం కలిగించే తప్పులు ఎక్కువగా ఈ రెండో రకానికే చెందుతాయి కాబట్టి, వాటిని పని మెట్టు మెట్టుకూ ‘ఇక్కడ ఏం తప్పు జరగవచ్చు?’ అని విడిగా విశ్లేషించి వెతకాలి.

మార్పు చేశాక మొదటి నెలల్లో నమోదైన సంఘటనల సంఖ్య పెరిగితే వెంటనే వెనక్కి తగ్గవద్దు. నింద పడదని తెలిశాక జనం ఇంతకాలం చెప్పనివి చెప్పడం మొదలుపెడతారు. అందుకే మొత్తం సంఖ్యను కాకుండా తీవ్రమైన గాయాలనూ, మీరు మార్చిన మెట్టు దగ్గర జరిగిన తప్పులనూ విడిగా లెక్కించండి. ఆ మెట్టుకు ముందూ వెనకా ఉన్న పనుల్లో కొత్త తప్పులేమైనా పుట్టాయేమో కూడా అదే పట్టికలో నమోదు చేయండి.