ఉద్యోగం వదలకుండా పబ్లిక్ హెల్త్ డాక్టరేట్: తిరుపతి, చిత్తూరు వాళ్లు డీఆర్‌పీహెచ్‌కి ఎలా సిద్ధపడాలి

పీహెచ్‌సీలో ఏళ్లుగా చేస్తున్న మెడికల్ ఆఫీసర్లు, డీఎంహెచ్‌వో ఆఫీసులో టీబీనో టీకాలనో చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్లు, ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేసి స్వచ్ఛంద సంస్థల్లో మేనేజర్లుగా ఉన్నవాళ్లు డాక్టరేట్ అనగానే పీహెచ్‌డీ నోటిఫికేషన్లే వెతుకుతారు. వాళ్లకి ఎక్కువగా సరిపోయేది డీఆర్‌పీహెచ్, అంటే డాక్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. పీహెచ్‌డీలో కొత్త విషయం కనిపెట్టి నిరూపించాలి. డీఆర్‌పీహెచ్‌లో మాత్రం తెలిసిన విషయం ఊళ్లో ఎందుకు అమలు కావడం లేదో తేల్చి, దాన్ని కదిలించే దారి చూపించాలి. యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలనుకుంటే మొదటిది తీసుకోండి. జిల్లానో రాష్ట్ర కార్యక్రమాన్నో నడపాలనుకుంటే రెండోది.

ఒక అపోహ ముందే తీర్చుకోవాలి. డీఆర్‌పీహెచ్ వస్తే పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చు, కానీ వైద్యం చేసే హక్కు రాదు. మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అడిగే ఎండీ, డీఎన్‌బీలకు ఇది బదులు కాదు. ఆ పోస్టే లక్ష్యమైతే ఈ దారిలో డబ్బూ కాలమూ పోగొట్టుకోకండి.

చదువులో ఏముంటుంది

అమెరికాలో పబ్లిక్ హెల్త్ స్కూళ్లకు గుర్తింపు ఇచ్చే సంస్థ సెఫ్. 2016 నాటి దాని ప్రమాణాల ప్రకారం డీఆర్‌పీహెచ్ విద్యార్థికి 20 మౌలిక సామర్థ్యాలు రావాలి. అవి నాలుగు గుంపుల కింద ఉంటాయి: డేటా విశ్లేషణ; నాయకత్వం, నిర్వహణ, పాలన; విధానాలు, కార్యక్రమాలు; బోధన, సిబ్బంది తయారీ. క్లాసులు కాక ఏదో ఒక సంస్థకు నిజంగా పనికొచ్చే ప్రాజెక్టు ఒకటి చేయాలి, చివర్లో థీసిస్ లాంటి పెద్ద రాత పని ఉంటుంది. నార్త్ కరోలినా యూనివర్సిటీ గిల్లింగ్స్ స్కూల్లో హెల్త్ లీడర్‌షిప్ పేరుతోనే ఈ కోర్సు ఉంది. ఉద్యోగస్తుల కోసం దూరం నుంచి చదివే పద్ధతిలో నడుస్తుంది, థీసిస్‌లో మార్పు ప్రణాళిక అని ఒక అధ్యాయం రాయాలి. జాన్స్ హాప్‌కిన్స్‌లో పార్ట్‌టైమ్‌గా చేయొచ్చు. హార్వర్డ్‌లో 2014లో మొదలైన కోర్సు ఫుల్‌టైమ్, ఉద్యోగానికి సెలవు పెట్టక తప్పదు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్‌లో క్లాసులూ థీసిసూ కాక, ఒక సంస్థ లోపల ఉండి అది ఎలా పనిచేస్తుందో పరిశీలించి రాసే ప్రాజెక్టు ఉంటుంది. జిల్లా ఆఫీసు ఫైళ్ల నడక తెలిసినవాళ్లకి అది చేతి కింద పనే.

విదేశీ ఫీజు వద్దనుకునేవాళ్లకి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు. కోర్సు వర్క్ 12 నుంచి 16 క్రెడిట్లు, కాలం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. పార్ట్‌టైమ్‌కి మీ ఆఫీసు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో పీహెచ్‌డీ ఇచ్చే అధికారం మన దేశంలో ఏ యూనివర్సిటీకీ లేదు, కాబట్టి అలాంటి ప్రకటన కనిపిస్తే ఫోన్ కూడా చేయకండి. యూజీసీ నెట్ పరీక్షలో సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్ అనే సబ్జెక్టు ఉంది. 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశం కూడా దొరుకుతోంది. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది, ఎంపికలో నెట్‌కి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం.

ముందు సమస్య, తర్వాతే అప్లికేషన్

చాలామంది స్కూలు ఎంచుకుని, అప్లికేషన్‌లో ఆ గడి నింపే రాత్రి సమస్య గురించి ఆలోచిస్తారు. రాయలసీమలో మాతృ మరణాలు తగ్గించడం అని రాస్తారు. అది నేల విడిచి సాము. మీ కుర్చీలో కూర్చుని మీరు మార్చగలిగింది అందులో ఎంత అన్నదే ఎంపిక కమిటీ చూస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ పరిధిలో మూడు పీహెచ్‌సీల బీపీ, షుగర్ రిజిస్టర్లు తెప్పించండి. మూడు నెలలుగా మందులకు రానివాళ్లను వేరు చేసి, ఏఎన్‌ఎం చేత ఓ ముప్పైమందికి ఫోన్ చేయించండి. ఎందుకు రాలేదన్నది విడగొట్టి రాయండి: చనిపోయారు, వలస పోయారు, మందులు లేవని తిప్పి పంపారు, బయట కొనుక్కుంటున్నారు, పక్క రాష్ట్రంలో చూపించుకుంటున్నారు. చిత్తూరు వైపు ఈ చివరి గడి తప్పకుండా పెట్టండి. గుడిపాల మండలం వాళ్లకి తిరుపతి కన్నా వెల్లూరే దగ్గర. కుప్పం వాళ్లకి అటు కర్ణాటక, ఇటు తమిళనాడు రెండూ పక్కనే. వెల్లూరులో చక్కగా మందులు వాడుతున్న మనిషి మన రిజిస్టర్లో మాత్రం చికిత్స మానేసినట్టు కనిపిస్తాడు. సరిహద్దు మండలాల్లో బీపీ రోగుల ఫాలోఅప్ రిజిస్టర్ నుంచి ఎందుకు జారిపోతోంది, దాన్ని పట్టుకోవడానికి పీహెచ్‌సీ స్థాయిలో ఏం మార్చాలి? డీఆర్‌పీహెచ్‌కి కావలసిన ప్రశ్న ఈ కొలతలో ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ ఫోన్లు కార్యక్రమ సమీక్షలో భాగంగా చేసినవి, మీ ఉద్యోగంలో పని. ఆ సమాచారాన్నే తర్వాత థీసిస్‌లో పెట్టాలంటే ముందు ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో నైతికత చూసే కమిటీ) అనుమతి ఉండాలి. అనుమతి రాకముందు సేకరించినదాన్ని పరిశోధనగా చూపిస్తే కమిటీ మొత్తం పనినే పక్కన పెట్టేయొచ్చు. అప్లికేషన్‌లో పేర్లు, అంకెలు లేకుండా సమస్య స్వరూపం మాత్రమే రాయండి.

కాగితాలు

అమెరికా స్కూళ్లలో చాలావాటికి సోఫాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా అప్లై చేయాలి. గడువు ఎక్కువగా డిసెంబర్ చుట్టుపక్కల ఉంటుంది. మన మార్కుల జాబితాలను వెస్ అనే సంస్థ చేత సబ్జెక్టుల వారీగా మూల్యాంకనం చేయించాలి, ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి. ఈ మెట్టు దగ్గరే నెలలు గడిచిపోతాయి, అందుకే జూన్‌లో మొదలుపెట్టండి.

ఆలస్యానికి మామూలుగా రెండు కారణాలు ఉంటాయి. మొదటిది పేరు. డిగ్రీ మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది, పెళ్లయిన ఆడవాళ్లకి ఇంకో ఇంటిపేరు తోడవుతుంది. అప్లికేషన్ మొదటి పేజీ నుంచే పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ ముందే చేయించి పెట్టుకోండి. రెండోది యూనివర్సిటీ పేరు. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కి మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. ఈ మధ్యలో పట్టా తీసుకున్నవాళ్ల డిగ్రీ మీద ఒక పేరు, ఇప్పుడు తెప్పించే ట్రాన్స్‌క్రిప్టు మీద ఇంకో పేరు పడుతుంది. రెండూ ఒకే సంస్థ అని రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఒక లెటర్ తీసుకుని జతచేస్తే పని సాగుతుంది.

సిఫార్సు లేఖలు మూడు అడుగుతారు. మన పైఅధికారులకు రాయమంటే సత్ప్రవర్తన కలవారు, కష్టపడే స్వభావం గలవారు అని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెడతారు. అది నడవడిక సర్టిఫికెట్, సిఫార్సు లేఖ కాదు. సొంతంగా రాసి సంతకానికి తీసుకెళ్లడం అంతకన్నా తప్పు, కమిటీలు భాష చూసి పసిగడతాయి. సార్ దగ్గరికి ఒక పేజీ కాగితం తీసుకెళ్లండి: మీరు నడిపిన పని, అది ఎక్కడ ఆగింది, ఆ సమయంలో మీరు తీసుకున్న నిర్ణయం, తర్వాత ఏం మారింది. వాటి గురించి ఆయన చూసింది ఆయన మాటల్లో రాస్తారు. లేఖ పంపడానికి స్కూలు ఇచ్చే లింకు ఆయన ఆఫీసు మెయిల్‌కి వెళ్లేలా చూడండి. జీమెయిల్ ఐడీ ఇస్తే కొన్ని స్కూళ్లు తిరిగి ప్రశ్నలు వేస్తాయి.

డబ్బు, గడియారం, వీసా

ఫీజు ఏడాదికి ఎంత అని అడగకండి. మొత్తం క్రెడిట్లు ఎన్ని, క్రెడిట్‌కి ఎంత, థీసిస్ ఆలస్యమైతే ప్రతి సెమిస్టర్‌కి కనీసం ఎన్ని క్రెడిట్ల ఫీజు కట్టాలి అని అడగండి. ఉద్యోగస్తుల బడ్జెట్ తలకిందులయ్యేది ఈ మూడో దాని దగ్గరే. విదేశాలకు పంపే డబ్బు ఏడాదిలో 10 లక్షలు దాటితే పైమొత్తం మీద బ్యాంకు టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. బ్యాంకు విద్యా రుణం నుంచి పంపితే ఆ టీసీఎస్ ఉండదు.

అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఆరుకి క్లాసు అంటే మనకి వేసవిలో తెల్లవారుజామున మూడున్నర, వాళ్ల గడియారం వెనక్కి జరిగిన నవంబర్ నుంచి మార్చి దాకా నాలుగున్నర. పొద్దున తొమ్మిదికి ఓపీ ఉన్నవాళ్లు వారానికి రెండు రోజులు అలా లేవగలరో లేదో డబ్బు కట్టకముందే ఒక నెల లేచి చూసుకోవాలి. లండన్‌తో తేడా నాలుగున్నర, ఐదున్నర గంటలే, అక్కడి మధ్యాహ్నం క్లాసులు మనకి రాత్రి భోజనాల వేళకి పడతాయి.

ఆన్‌లైన్ కోర్సే అయినా కొద్దిరోజులు క్యాంపస్‌కు రమ్మంటే ఏ వీసా కావాలో యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. క్రెడిట్ వచ్చే చదువుకి టూరిస్టు వీసా మీద వెళ్లకూడదు. తిరుపతి నుంచి చెన్నైలోని అమెరికా కాన్సులేట్ దగ్గరే కానీ, అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే కాలాన్ని లెక్కలో వేసుకోవాలి.

విదేశీ డిగ్రీ ఇక్కడ ప్రమోషన్‌కో బోధన పోస్టుకో పనికి రావాలంటే సమానత్వ గుర్తింపు కావాలి. యూజీసీ దీనికి 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. మీరు చేరబోయే పద్ధతికి, ముఖ్యంగా ఆన్‌లైన్‌కి, అది వర్తిస్తుందో లేదో చేరకముందే యూజీసీని రాతపూర్వకంగా అడగండి.

అనుమతులు, ఇంటర్వ్యూలు

థీసిస్ దశలో రెండు ఎథిక్స్ కమిటీలు దాటాలి, యూనివర్సిటీది ఒకటి, ఇక్కడిది ఒకటి. స్థానిక కమిటీ ప్రభుత్వం దగ్గర రిజిస్టరైనదై ఉండాలి. మీరు ఆ సంస్థ మనిషి కాకపోతే అక్కడి అధ్యాపకుల్లో ఒకరిని సహ పరిశోధకులుగా పెట్టుకోమంటారు. విదేశీ నిధులో విదేశీ సంస్థ భాగస్వామ్యమో ఉంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ద్వారా ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాల్సి వస్తుంది, మీ పనికి అది వర్తిస్తుందా అని ప్రపోజల్ రోజునే అడగండి. అక్కడి కమిటీ ఇక్కడి లేఖ తెమ్మని, ఇక్కడి కమిటీ అక్కడి లేఖ తెమ్మని తిప్పుతుంటే, ఒకరి దగ్గర షరతులతో కూడిన అనుమతి తీసుకుని రెండోవాళ్లకి చూపించండి.

ప్రభుత్వ రిజిస్టర్లు వాడాలంటే డీఎంహెచ్‌వో లేఖ ఒక్కటే చాలకపోవచ్చు, పై కార్యాలయం ఉత్తర్వు అడుగుతారు. అర్జీ అధికారి పేరుకి కాకుండా హోదాకి రాయండి. వేసవి బదిలీల్లో సారు మారిపోతే పేరు మీద వచ్చిన అనుమతిని మళ్లీ మొదటి నుంచి తిప్పాలి.

మీ కింద పనిచేసే ఏఎన్‌ఎంలను, ఆశాలను మీరే ఇంటర్వ్యూ చేయకండి. అంతా బాగానే ఉంది సార్ అంటారు, మీ థీసిస్ నిండా అదే ఉంటుంది. వేరే డివిజన్ ఎంచుకోండి, లేదా శిక్షణ ఇచ్చిన బయటి మనిషిని పంపండి. గంట ఇంటర్వ్యూ కాగితం మీదికి రావడానికి నాలుగైదు గంటలు, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి మార్చడానికి దాదాపు ఇంకో అంత పడుతుంది. ఇరవై ఇంటర్వ్యూలంటే రెండువందల గంటల పని, సెలవు లెక్క దీన్నిబట్టి వేసుకోండి. తిరుపతిలో బ్రహ్మోత్సవాల రోజుల్లో, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు నడిచే నెలల్లో తేదీలు పెట్టకండి, సిబ్బందీ దొరకరు, కూలికి పోయే రోగులూ దొరకరు. సరిహద్దు మండలాలకు అంగీకార పత్రం తమిళంలోనూ ఉండాలి, కుప్పం వైపు కన్నడం కూడా అవసరం పడొచ్చు.

చివరి అధ్యాయంలో సిబ్బందిని పెంచాలి, అవగాహన కల్పించాలి అని రాసి ముగించేవాళ్లే ఎక్కువ. పరీక్షకులు వెంటనే అడుగుతారు: ఎవరు, ఏ ఉత్తర్వుతో, ఏ పద్దు కింద? సరిహద్దు బీపీ ఉదాహరణలోనే తీసుకుంటే, రిజిస్టర్లో బయట చికిత్స అనే గడి చేర్చడానికి ఎవరి ఉత్తర్వు సరిపోతుందో, వెల్లూరు చీటీ చూపిస్తే ఇక్కడ మందులు ఇచ్చే అధికారం ఎవరికి ఉందో, నెలకో ఫోన్ చేయడానికి ఆశా ప్రోత్సాహకం ఎంతవుతుందో పేరుపేరునా రాయాలి. దాన్నే రెండు పేజీలకు కుదించి, ఎన్‌హెచ్‌ఎం (జాతీయ ఆరోగ్య మిషన్) ప్రణాళిక జిల్లాలో తయారయ్యే ముందే డీఎంహెచ్‌వో ఆఫీసులో ఇవ్వండి. ప్రణాళిక పైకి వెళ్లిపోయాక ఇస్తే తర్వాతి విడత దాకా ఆ కాగితం ఫైల్లోనే ఉంటుంది.