కంచె పొడవునా గులాబీలు: కొమ్మను అడ్డంగా కట్టే పద్ధతి

కంచె మీద గులాబీ పెంచినవారిలో చాలామందికి ఎదురయ్యే నిరాశ ఒకటే. మొక్క రెండేళ్లలో నిలువెత్తు పెరుగుతుంది, పూలు మాత్రం చిటారున నాలుగు పూసి ఊరుకుంటాయి, కింది భాగమంతా ముళ్లతో బోసిగా మిగిలిపోతుంది. దీనికి ఎరువు చాలకపోవడమే కారణమనుకుని మరింత వేస్తారు గానీ, లోపం చాలాసార్లు ఎరువులో ఉండదు, కొమ్మ నిలబడిన తీరులో ఉంటుంది. కొమ్మ నిటారుగా ఉన్నంతకాలం దాని కొనన ఉన్న చిగురు కింది కణుపుల మొగ్గలను ఎదగనివ్వదు. అదే కొమ్మను నేలకు సమాంతరంగా వంచి కడితే ఆ అదుపు సడలి, కణుపు కణుపునా పక్క చిగుర్లు లేచి, ఒక్కొక్క చిగురు చివర పూలు పూస్తాయి. అడ్డంగా సాగే కంచె ఈ పనికి ఎత్తైన గోడకన్నా అనువైనది.

తీగ గులాబీ అని పిలుస్తున్నా, దానికి నులితీగలు ఉండవు, చిక్కుడులాగా ఆధారాన్ని చుట్టుకుని పాకదు. మనం కట్టినచోటనే నిలుస్తుంది. వీటిలో ప్రధానంగా రెండు తరహాలున్నాయి. క్లైంబర్లు అనేవాటికి కొమ్మలు లావుగా, కాస్త పెళుసుగా ఉంటాయి, సాధారణంగా రెండున్నర నుంచి నాలుగు మీటర్ల దాకా పెరుగుతాయి, వీటిలో ఎక్కువ రకాలు ఒకే ఏడాదిలో విడతలు విడతలుగా పూస్తాయి. రాంబ్లర్ల కొమ్మలు సన్నగా, ఎటు వంచితే అటు వంగేలా ఉంటాయి, ఇంకా చాలా దూరం పాకుతాయి, కానీ వీటిలో అధికభాగం ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. చిన్న ఇంటి కంచెకు క్లైంబర్‌నే ఎంచుకోవడం మంచిదని నా ఉద్దేశం.

లేత గులాబీ రంగు పూల న్యూ డాన్ రకం పాతదైనా నమ్మదగినది. 1931లో అమెరికాలో మొక్కలకు ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు దీనిదే. మనుషులు రాసుకుని నడిచే దారి పక్కన కంచె ఉంటే 1868 నాటి జెఫిరిన్ ద్రూఅన్‌ను పరిశీలించవచ్చు. దానికి ముళ్లు దాదాపు ఉండవు, అయితే నల్లమచ్చ తెగులు సులభంగా సోకుతుంది. క్లైంబింగ్ ఐస్‌బర్గ్ వంటి రకాలు పొద గులాబీలోంచి పుట్టినవి కాబట్టి, నాటిన తొలి ఏళ్లలోనే వాటిని గట్టిగా కత్తిరిస్తే తిరిగి పొదలాగానే పెరిగే ప్రమాదం ఉంది.

మొక్కకన్నా ముందు కంచెను చూసుకోవాలి. వాన నీటితో తడిసి, గాలికి ఊగే పూర్తి ఎదుగుదల మొక్క బరువు చాలా ఉంటుంది, మొక్క అల్లుకున్నాక కంచెను బాగుచేయడం ముళ్లతో కుస్తీ పట్టడమే అవుతుంది. కదులుతున్న స్తంభాలను ముందే బిగించి, పూయవలసిన రంగు పూసేయాలి. పలకలతో మూసుకుపోయిన కంచె అయితే దానికి ఏడెనిమిది సెంటీమీటర్ల ఎడంగా, ఒక్కొక్క వరుసకు 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో, తుప్పు పట్టని తీగలను అడ్డంగా లాగి కట్టాలి. ఆ ఎడం గుండా గాలి ఆడితేనే ఆకుల తడి త్వరగా ఆరుతుంది.

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ, అందులోనూ ఉదయపు ఎండ తగిలే వైపు నాటాలి. మొక్కకు మొక్కకు రెండు నుంచి మూడు మీటర్ల దూరం ఉండాలి. నాటిన రోజున ఆ దూరం వెలితిగా కనిపించినా మధ్యలో మరొకటి నాటకూడదు. కంచె మొదట్లో నేల పొడిగా ఉంటుంది కాబట్టి 30 నుంచి 45 సెంటీమీటర్లు ఇవతలగా, సుమారు 50 సెంటీమీటర్ల లోతూ అంతే వెడల్పూ ఉన్న గుంత తీసి, తవ్విన మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువును గానీ కంపోస్టును గానీ కలిపి, మొక్కను కంచె వైపు కొద్దిగా వాల్చి నాటాలి. అంటు కట్టిన భాగం చలి అంతగా లేని చోట నేలకు కాస్త పైన, నేల గడ్డకట్టే చోట మట్టి లోపల ఉండాలి.

మొదటి రెండేళ్లు ఎండిన పుల్లలు తప్ప ఏమీ కత్తిరించకుండా, పొడవైన కొమ్మలను పెరగనిచ్చి వంచుకుంటూ పోవాలి. ముదిరిన కొమ్మను ఒక్కసారిగా వంచితే ఫెళ్లున విరుగుతుంది. అది ఇంకా సులువుగా వంగే దశలోనే పట్టుకుని, మొదట ఏటవాలుగా కట్టి, వారం పది రోజులకొకసారి కొద్దికొద్దిగా దించాలి. కొమ్మలను అటు కొన్ని ఇటు కొన్ని విసనకర్ర ఆకారంలో పరచి, అన్నిటికన్నా కింది కొమ్మను నేలకు దాదాపు సమాంతరంగా కడితే, మోకాలి ఎత్తు నుంచే పూలు కనిపిస్తాయి. కట్టడానికి పాత నూలు గుడ్డ పేలికలు చాలు. పేలికను ఎనిమిది అంకె ఆకారంలో, ఒక చుట్టు కొమ్మకు, ఒక చుట్టు కంచెకు వచ్చేలా వదులుగా ముడి వేయాలి. నేను మొదటిసారి తొందరపడి కొమ్మలను జాలీ కన్నాల్లోంచి దూర్చి అల్లాను. మూడేళ్లకు అవి లావెక్కి ఇరుక్కుపోవడంతో ముసలి కొమ్మ ఒక్కటి తీయడానికి సగం మొక్కను ముక్కలు చేయవలసి వచ్చింది. కొమ్మ ఎప్పుడూ కంచెకు ఇవతలే ఉండాలి.

మూడో ఏడు నుంచి కత్తిరింపు మొదలవుతుంది. విడతలుగా పూసే రకాలను మొక్క విశ్రాంతిలో ఉన్నప్పుడు, కొత్త చిగురు రాకముందు కత్తిరించాలి. పూసిన పక్క కొమ్మలను రెండు మూడు కణుపులు ఉంచి కోసి, అన్నిటికన్నా ముసలి కొమ్మను ఒకటి మొదలంటా తీసేసి, దాని స్థానంలో కొత్త కొమ్మను వంచి కట్టాలి. ఏడాదికొకసారి పూసేవాటిని మాత్రం పూలు అయిపోయిన వెంటనే కత్తిరించాలి, ఎందుకంటే అవి కిందటి ఏడు పెరిగిన కొమ్మల మీద పూస్తాయి, ఆలస్యంగా కోస్తే వచ్చే ఏటి పూలన్నీ కత్తెరకే పోతాయి.

నీరు పాదులోకే, లోతుగా ఇంకేలా, వీలైతే ఉదయం పూట పెట్టాలి. ఆకులు గంటల తరబడి తడిగా ఉంటే నల్లమచ్చ తెగులు మొలకెత్తుతుంది. మచ్చలున్న ఆకులను, రాలినవాటితో సహా ఏరి పారేయాలి, పాదులో మల్చింగ్‌గా, అంటే నేలను కప్పే పొరగా పరచకూడదు. ఐదారు సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరిచేటప్పుడు కాండం చుట్టూ కాస్త ఖాళీ వదలాలి. లేత మొగ్గల మీద పేనుబంక కనిపిస్తే ముందు నీటి ధారతో కడిగి చూసి, తగ్గకపోతేనే వేపనూనె కలిపిన నీళ్లు సాయంత్రం పూట చల్లాలి.

అంటు కింది భాగం నుంచి వేరే పోలికలో చిగుర్లు వస్తే, అవి అంటు కట్టడానికి వేరుగా వాడిన అడుగు మొక్కవి. వాటిని పైపైన కోస్తే మళ్లీ గుంపుగా లేస్తాయి కాబట్టి, మట్టి తోడి వేరు దగ్గర పుట్టినచోటి నుంచి పీకేయాలి. అదే సమయంలో పాత ముడులన్నీ ఒకసారి తడిమి, కొమ్మలోకి దిగుతున్నవాటిని విప్పి వదులుగా కట్టాలి.