యూత్ మీటింగ్‌లో వార్తల మీద మాట్లాడాలంటే

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు మన చిన్న సంఘాల్లో యూత్ మీటింగ్ అంటే నాలుగు పాటలు, ఒక సాక్ష్యం, వాక్యం, చివర్లో టీ బిస్కట్. బయట ఏం జరుగుతుందో దాని ఊసే ఉండదు. అలాగని పిల్లలు మాట్లాడుకోవట్లేదా అంటే, మీటింగ్ అయ్యాక చెప్పులు వేసుకుంటూ గేటు దగ్గర మాట్లాడుకునేదంతా అదే: ఎలక్షన్లు, రిజర్వేషన్, పక్క ఊళ్లో ప్రేయర్ ఆపించారట, ఇజ్రాయెల్ యుద్ధం. ఆ మాటల్ని గేటు దగ్గర్నుంచి బైబిల్ ముందుకి ఎలా తేవాలో చెప్తాను. నెలకి ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక గంటసేపు చాలు.

ముందు పాస్టర్ గారితో మాట్లాడండి. ఆయనకి చెప్పకుండా మొదలుపెడితే రెండో నెలకల్లా "యూత్ రాజకీయాల్లో పడ్డారు" అని మాట పుడుతుంది. సంఘ పెద్దల్లో ఒకరైనా "మనకెందుకయ్యా ఇవన్నీ, ఆత్మల రక్షణ చూసుకుంటే చాలదా" అంటారు. ఆయనతో వాదించకండి, 1974 లోసాన్ ఒడంబడిక సంగతి చెప్పండి. స్విట్జర్లాండ్‌లో బిల్లీ గ్రాహం చొరవతో జరిగిన సభ అది, పత్రం రాసిన కమిటీకి జాన్ స్టాట్ పెద్ద. సువార్త చెప్పడం, సమాజ బాధ్యత మోయడం రెండూ క్రైస్తవుడి పనేనని అందులో ఉంది. ఒకటి చేస్తే ఇంకొకటి చేయకూడదన్నట్టు కొన్నిసార్లు చూసినందుకు పశ్చాత్తాపపడుతున్నామని కూడా రాసుకున్నారు. ఇదేదో లిబరల్ వాళ్ల మాట కాదు, మనవాళ్లదే. స్విట్జర్లాండ్ దూరం అనుకుంటే జడ్చర్ల చూపించండి, మెన్నోనైట్ బ్రదరన్ మిషన్ అక్కడ ఆస్పత్రి పెట్టింది కూడా సువార్త మానేసి కాదు కదా.

ఇక టాపిక్. పిల్లల్ని అడిగితే మొదట వచ్చేది ఇజ్రాయెల్, అంత్యదినాలు, 666 చిప్పు (ప్రకటన గ్రంథంలోని మృగం గుర్తు చిప్పుగా వస్తుందనే ప్రచారం). అవి వద్దని కాదు గానీ వాటితో మొదలుపెట్టకండి, ఎందుకంటే ఎవరూ ఏమీ చేయాల్సిన పని లేకుండా గంటలు గంటలు మాట్లాడుకోగలిగిన విషయాలవి. ఇంటికి దగ్గరున్న వార్త తీసుకోండి. ఎలా నడపాలో చూపించడానికి ఒకటి తీసుకుంటాను: ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాల్వ) సొరంగం.

2025 ఫిబ్రవరి 22, శనివారం ఉదయం. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర సొరంగం పైకప్పు కూలింది. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లని నల్గొండకి, ఫ్లోరైడ్ ఊళ్లకి తేవడానికి తవ్వుతున్న సొరంగం అది. లోపల 8 మంది చిక్కుకుపోయారు, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి పనికొచ్చినవాళ్లు. నెల దాటి వెతికినా ఇద్దరి మృతదేహాలే దొరికాయి. బోర్డు మీద ఇంతవరకే రాయండి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమైంది. అభిప్రాయం ఒక్కటీ రాయొద్దు. కనీసం రెండు పేపర్లలో వచ్చిందే బోర్డెక్కాలి, వాట్సాప్ ఫార్వర్డ్‌కి చోటు లేదు. మొదటి పావుగంట దీనికే పోతుంది, పోనివ్వండి.

అప్పుడు అడగండి: "ఇలాంటివి జరిగినప్పుడు మన ఇళ్లల్లో ఏమంటారు?" కాసేపు మౌనంగా ఉంటారు, తర్వాత ఎవరో ఒకరు "దేవుడి తీర్పు" అంటారు, ఇంకొకరు "రాత" అంటారు, ఒక పిల్లాడు "కాంట్రాక్టర్ తప్పు" అంటాడు. మూడూ బోర్డు మీద పెట్టి లూకా 13:1-5 తీయండి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో అందరికంటే ఎక్కువ పాపులా అని యేసు తనే అడిగి, కాదని తనే చెప్పాడు. "దేవుడి తీర్పు" అన్న తొందరపాటుకి అక్కడ బ్రేక్ పడుతుంది. కానీ ఆయన అక్కడితో ఆపలేదు, మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారని వింటున్నవాళ్ల వైపు తిరిగాడు. సగం చదివి ఆపేస్తే బైబిల్ స్టడీ కాస్తా ఓదార్పు సభ అవుతుంది, కాబట్టి ఈ రెండో సగం దాటేయకండి.

ఆ కాంట్రాక్టర్ అన్న పిల్లాడి మాటని కూడా వదలొద్దు. ద్వితీయోపదేశకాండము 22:8 చదివించండి: కొత్త ఇల్లు కడితే పైకప్పుకి పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడి చస్తే ఆ రక్తం మీ ఇంటి మీద ఉంటుంది. పిట్టగోడ గురించి దేవుడి ఆజ్ఞ ఉందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరున్న జిల్లా మనది. తాతలు ఎక్కడెక్కడో డ్యాముల దగ్గర మట్టి మోసినవాళ్లే. యాకోబు 5:4లో మోసంతో ఆపేసిన కూలి మొర పెడుతుందని ఉంది, దాన్ని ఇక్కడ పెద్దగా విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు. అయితే ఈ ప్రమాదంలో తప్పు ఎవరిదో మీ మీటింగ్‌లో తేల్చకండి, అది మీ పని కాదు. పని చేయించేవాడు పనివాడి ప్రాణానికి దేవుడి ముందు లెక్క చెప్పాలి, అంతవరకు వాక్యం చెప్తుంది.

అంత్యదినాల ఫార్వర్డ్‌లకీ ఇదే పద్ధతి. 2022లో టెక్సాస్ నుంచి 5 ఎర్ర పెయ్యల్ని ఇజ్రాయెల్ తీసుకెళ్లారు, అది నిజమే, సంఖ్యాకాండము 19వ అధ్యాయంలో ఎర్ర పెయ్య ఉంది, అదీ నిజమే. ఈ రెండిటినీ కుట్టి క్రీస్తు రాకడ ఫలానా ఏడాది అనేవాళ్లకి, ఆ దినం ఎవరికీ తెలియదన్న మత్తయి 24:36 చూపించండి, ముందుకెళ్లండి.

సంస్కృతి విషయాలు వస్తే మాత్రం తొందరపడకండి, ఇవి ఇళ్లల్లో గొడవలు తెచ్చేవి. సద్దుల బతుకమ్మ రాత్రి పక్కింటి అక్క మలీద ముద్ద తెచ్చి చేతిలో పెడుతుంది. తీసుకోవాలా? ఎల్లమ్మకి కోసిన యాట కూర మేనమామ ఇంటి నుంచి టిఫిన్‌లో వస్తుంది. తినాలా? మగవాళ్లు దీని మీద ప్రసంగాలు చేస్తారు గానీ ఆ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడేది ఆడవాళ్లు, కాబట్టి ముందు వాళ్లని మాట్లాడనివ్వండి. తర్వాత మొదటి కొరింథీ 8, 10 అధ్యాయాలు పూర్తిగా చదవండి, మనకి కావాల్సిన వచనం ఏరుకోకుండా. పౌలు మూడు మాటలంటాడు. విగ్రహం బల్ల దగ్గర పాలు పంచుకోవద్దు. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది ఆరా తీయకుండా తినొచ్చు. ఇది బలి అర్పించింది అని ఎవరైనా చెప్తే, అలా చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానేయాలి. బతుకమ్మలో తంగేడు, గునుగు పూలు పేర్చడం ఏ లెక్కలోకి వస్తుంది, గౌరమ్మకి మొక్కడం ఏ లెక్కలోకి వస్తుంది అని విడదీసి అడగండి. నా మటుకు నేను మొక్కడం దగ్గర గీత గీస్తాను, పక్కింటి అక్కతో మాట్లాడటం దగ్గర కాదు. ఇంకో విశ్వాసి అంతకంటే ముందే గీత గీసుకుంటే రోమా 14 ప్రకారం అతన్ని తీసిపారేయకూడదు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది రిజర్వేషన్. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు, వాళ్లకి రిజర్వేషన్ 1 శాతం. దీన్ని పరిశీలించడానికి 2022లో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. ఈ టాపిక్‌కి ఒకే ఒక రూలు పెట్టి గట్టిగా పాటించండి: చట్టం గురించి మాట్లాడుకుందాం, ఎవరి కుల సర్టిఫికెట్ గురించీ మాట్లాడొద్దు. పిల్లల ఫీజులు, ఉద్యోగాలు దాని మీద ఉన్నాయి, ఒక్క నోటి మాటతో సంఘం రెండు ముక్కలవుతుంది. ఫోన్‌లో రికార్డింగ్ కూడా వద్దని మొదట్లోనే చెప్పేయండి.

ఎలక్షన్ టైంలో పార్టీ పేరు ఎత్తకుండా అధికారులకి లోబడమనే రోమా 13ని, మనుషులకంటే దేవుడికే లోబడాలనే అపొస్తలుల కార్యములు 5:29తో కలిపి చదవండి. ఒకదాన్ని వదిలి ఇంకోటి చదివితే భజన అయినా అవుతుంది, తిరుగుబాటు అయినా అవుతుంది. క్యాండిడేట్ వస్తానంటే రానివ్వండి, ప్రార్థన చేసి పంపండి, మైకు ఇవ్వకండి.

చివరి పది నిమిషాలు ప్రార్థనకి, ఒక పనికి. పని చిన్నదైనా పర్లేదు, ఊళ్లో మూత లేని బోరు గుంత గురించో, నీళ్ల ట్యాంకు గురించో ఒక అర్జీ రాసి ఇద్దరు సంతకాలు చేసి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి తీసుకెళ్లడం లాంటిది. రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి, వచ్చే నెల మీటింగ్ ఆ రసీదు మీదే మొదలుపెట్టండి.