మీటరు మీద ఎర్ర లైటు లెక్కపెట్టండి

నల్గొండలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. బిల్లు ఎక్కువ వస్తోందని ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఫ్యాను కట్టేసి, మెడమీద తడిగుడ్డ వేసుకుని కూర్చుంటోందని తెలిసి నా ప్రాణం ఉసూరుమంది. ఆ ఎండల్లో పెద్దవాళ్ళు ఆపుకోవాల్సింది ఫ్యాను కాదు. ఒక ఆదివారం వెళ్ళి, కరెంటు ఎటు పోతోందో లెక్క తీశాను. వాచీ, కాగితం ఉంటే మీరూ తీయవచ్చు.

మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటు, పక్కనే ఒక అంకె ఉంటాయి. మా మీటరు మీద 3200 అని ఉంది. అంటే లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. మీ మీటరు అంకె వేరేదైతే దానితోనే లెక్క వేయండి.

ముందు ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, లైటు చూడండి. అమ్మ ఇంట్లో అప్పుడు కూడా నిమిషానికోసారి వెలిగింది. ప్లగ్గులు ఒక్కొక్కటే పీకుతూ పోతే దొంగలు దొరికాయి: రిమోట్‌తో మాత్రమే ఆపే టీవీ, సెట్‌టాప్ బాక్సు, వాడని గదిలో ఏసీ స్టెబిలైజరు. నిమిషానికి ఒక్కసారే కదా అనిపిస్తుంది, కానీ నెలకు 13 యూనిట్ల పైమాటే. మెయిన్ కట్టేశాక కూడా వెలుగుతుంటే మాత్రం మీరు చెయ్యి పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

తర్వాత ఒక్క ఫ్యానే ఫుల్లు మీద పెట్టండి. పాత ఫ్యానుకు నిమిషానికి 4 సార్లు, అంటే గంటకు 240 సార్లు వెలిగింది. దాన్ని 3200తో భాగించి 1000తో గుణిస్తే 75 వాట్లు. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటు తాగే కొత్తరకం మోటారు ఫ్యాను, 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రెండు ఫ్యాన్లు రోజుకు 16 గంటలు తిరిగే ఇంట్లో నెలకు 43 యూనిట్లు తగ్గుతాయి. తగ్గేవి పై స్లాబులోవి, అంటే ఖరీదైన యూనిట్లు. అందుకే నేను ముందు డబ్బు పెట్టింది ఫ్యాన్లకే. బిగించేటప్పుడు పాత రెగ్యులేటరు తీయించేయండి.

గీజరుకు లైటు లెక్కపెట్టలేం, అంత వేగంగా కొట్టుకుంటుంది. 2000 వాట్లది అరగంట కాగితే ఒక యూనిట్. స్నానానికి ముందు వేసి, నీళ్ళు కాగగానే కట్టేయండి. ఫ్రిజ్ తలుపులో కాగితం పెట్టి మూయండి, సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు మార్పించండి.

ఇప్పుడు అమ్మ ప్రతి ఆదివారం రీడింగు క్యాలెండరు మీద రాసి, ఫోన్లో నాకు చదివి వినిపిస్తుంది. వెనకాల ఫ్యాను చప్పుడు వినిపిస్తుంటుంది.