కాగితపు రోబో బుడతణ్ణి ఎగరేయడం ఎలా

కాగితపు బొమ్మను కొంచెం కొంచెం మారుస్తూ ఫొటోలు తీసి, వాటిని వరసగా వీడియోలా ఆడిస్తే అది కదిలినట్టుంటుంది. జపాన్ కార్టూన్ సీరియల్ ‘ఆస్ట్రో బాయ్’ హీరో లాంటి రోబో బుడతడు మూడు సెకన్లు ఎగరడానికి, సెకనుకు 24 ఫ్రేముల (విడి చిత్రాల) లెక్కన 72 బొమ్మలు గీయక్కర్లేదు. 1963లో జపాన్ టీవీకి ఆ సీరియల్ తీసినప్పుడు ఒసాము తెజుకా బృందం చాలావరకు ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపేది. మనకూ సెకనుకు 8 ఫొటోలు చాలు, మొత్తం 24.

బుడతణ్ణి 8 సెం.మీ. ఎత్తున అట్టముక్క మీద గీసి కత్తిరించండి. కదిలించాల్సింది వాణ్ణి కాదు, వెనకున్న ఆకాశాన్ని. ఫోన్ తెరలో 20 సెం.మీ. వెడల్పు కనిపిస్తుంటే ఆకాశం గీసిన పట్టీ 50 సెం.మీ. ఉండాలి. ఫొటోకు ఒక సెంటీమీటరు చొప్పున, వాడు ఎగిరే దిక్కుకు ఎదురుగా జరపండి. కాళ్ల మంటలు మూడు రకాలు గీసి, వరస మార్చి మార్చి పెట్టండి. ఒకే వరసైతే మంటలో ప్రాణముండదు.

పైకి లేచే షాట్ వేరు. ముందు మోకాళ్లు వంచిన బొమ్మకు 3 ఫొటోలు, తర్వాత 1, 2, 4, 8 సెం.మీ. చొప్పున పైకి. సమాన దూరాలైతే తాడు కట్టి లాగినట్టుంటుంది. వాడికి సూపర్ పవర్ ఉందని చూసేవాళ్లు నమ్మేది ఆ వంగడం వల్లే, దాన్ని మాత్రం వదిలేయకండి.

వీడియోలో వెలుగు మిణుకుమంటుంటే ఫోన్‌లో ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు ఎంతుండాలో ఫోన్ ఎంచుకునే సెట్టింగ్) లాక్ చేయలేదేమో చూడండి. కిటికీ మూసి టేబుల్ ల్యాంపు వాడండి. షట్టర్‌కు టైమర్ పెట్టండి, వేలు తగిలితే ఫ్రేమ్ జరిగిపోతుంది.