పులికాట్ పక్షులకు టెలిఫోటో జూమ్: ఎంపిక, వాడకం

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది. చలికాలంలో ఆ రోడ్డుకు ఇరువైపులా ఫ్లెమింగోలు మేస్తుంటాయి కానీ, తరచు చాలా దూరంలోనే ఉంటాయి కనుక 70-200 మి.మీ. లెన్స్ ఇక్కడ చాలదు (ఈ అంకె ఎంత పెద్దదైతే దూరపు పక్షి అంత దగ్గరగా కనిపిస్తుంది). కనీసం 100-400 ఉండాలి, 150-600 లేదా 200-600 అయితే మరీ మంచిది. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ ఉన్న కెమెరాకు 400 మి.మీ. లెన్స్ తగిలిస్తే, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సుమారు 600 మి.మీ. లెన్స్‌తో కనిపించేంత దగ్గరగా పక్షి కనిపిస్తుంది. ఖర్చు చూసుకోవలసినవారు ఈ జతనే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

ఇండోర్ స్టేడియంలో కబడ్డీ తీసేవారి అవసరం ఇందుకు పూర్తిగా వేరు. అక్కడ ఆటగాళ్లు దగ్గరే ఉంటారు, లోటు వెలుతురుకే. ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే లెన్స్ ద్వారం అంత పెద్దగా తెరుచుకుంటుంది. ఎఫ్/2.8 లెన్స్‌తో పోలిస్తే ఎఫ్/6.3 లెన్స్ లోపలికి వచ్చేది ఐదో వంతు వెలుతురు మాత్రమే కాబట్టి వారికి 70-200 ఎఫ్/2.8 తప్పనిసరి.

దూరం చాలడం లేదని లెన్స్‌కు, కెమెరాకు మధ్య 1.4ఎక్స్ టెలికన్వర్టర్ (బొమ్మను 1.4 రెట్లు పెంచే అదనపు అద్దం) తగిలిస్తే వెలుతురు సగమైపోయి, ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/9 అవుతుంది, ఫోకస్ కూడా నెమ్మదిస్తుంది. ఎగిరే పక్షులకు దాన్ని నేను సిఫారసు చేయను.

ఎంత ఖరీదైన లెన్స్ అయినా వేడి గాలిని జయించలేదు. పొద్దెక్కాక ఎండిన బురద నేల మీద గాలి అలలుగా కదులుతుంది. ఆ గాలి పొరల గుండా తీసిన దూరపు పక్షి ఈకలు మెత్తగా, అలుక్కుపోయినట్టు వస్తాయి. దీనికి మందు తెల్లవారుజామునే వెళ్లడం ఒక్కటే. కారులోంచి తీసేవారు ఏసీ ఆపి, అద్దాలు పూర్తిగా దించి, లోపలి గాలి, బయటి గాలి ఒకే వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే ఆ రెండు గాలులు కలిసేచోట కూడా ఇదే మసక ఏర్పడుతుంది. ఇంజిన్ ఆపేసి, గుడ్డ సంచిలో బియ్యం నింపి కిటికీ అంచున పెట్టి దాని మీద లెన్స్ ఆనిస్తే, రెండు కిలోల బరువు చేతుల మీద పడదు, లెన్స్ కదలదు.

లెన్స్‌లోని స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుందే గాని పక్షి రెక్కను ఆపలేదు. అందువల్ల ఎగిరే పక్షికి సెకనులో 2000వ వంతు, నిలబడి మేసే పక్షికి 500వ వంతు షట్టర్ వేగం పెట్టి, ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో వదలండి. ఐఎస్ఓ పెరిగితే బొమ్మలో వచ్చే చుక్కలను (నాయిస్‌ను) తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిన బొమ్మను సరిచేయడం మాత్రం చాలా కష్టం. లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ (ఫోకస్ వెతికే దూరాన్ని పరిమితం చేసే మీట) ఉంటే దూరానికి మార్చండి, అప్పుడు ఫోకస్ దగ్గరి గడ్డి దాకా వచ్చి వెతుక్కోదు. పక్షి ఎగిరాక వెతకడం కష్టం కనుక, జూమ్ కాస్త వెనక్కి తీసి దాన్ని ఫ్రేములో పట్టుకున్నాకే ముందుకు జరపండి.

ఎగిరే ఫోటో కోసం గుంపును బెదరగొట్టకూడదు. దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో గూళ్ల మీద ఉన్న గూడబాతులకైతే (పెలికాన్లకైతే) ఇది మరీ ముఖ్యం: తల్లి లేస్తే గుడ్లు ఎండకు, కాకులకు దొరికిపోతాయి.